పదిహేను వేలలోపు పాత గేముల పెట్టె: మినీ పీసీ, స్టోరేజీ ఎంపిక డైరీ

దశ 0: దీని మీద ఏం నడవాలి

గేములు తేలకుండా మెషీన్ ఎంచుకోవడం కుదరదు. నా జాబితాలో మూడు రకాలున్నాయి. మొదటివి 90ల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన 8-బిట్ వీడియోగేములు. రెండోవి ప్లేస్టేషన్ 1 సీడీలు. మూడోవి ప్లేస్టేషన్ 2 డీవీడీలు. వీటిలో నాకు బాగా ముఖ్యమైనవి రెండు: ఆరోనా టెక్నాలజీస్ చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్', గేమ్‌శాస్త్ర చేసిన 'దేశీ అడ్డా'. రెండూ 2009లో పీఎస్2 మీద వచ్చాయి, రెండూ హైదరాబాద్ స్టూడియోల పనే. ఈ డిస్కులు గీతలు పడి చదవకుండా పోయేలోపు కాపీ తీసి, ఇంట్లో పిల్లలు ఆడేలా పెట్టాలన్నదే ఈ పని మొత్తానికి కారణం.

పెట్టుకున్న షరతులు:

1. అన్నీ కలిపి రూ. 15,000 దాటకూడదు.
2. ప్రతి గేమూ పూర్తి వేగంతో, సౌండ్ తెగకుండా నడవాలి.
3. కరెంటు పోయినా సేవ్ ఫైళ్లు మిగలాలి.
4. హాల్లో ఫ్యాన్ చప్పుడు వినబడకూడదు.

కాపీల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 52(1)(ఏఏ) ప్రకారం, చట్టబద్ధంగా మన దగ్గరున్న ప్రోగ్రాముకు అది పాడైపోతే పనికొచ్చేలా బ్యాకప్ కాపీ చేసుకోవచ్చు. అందుకే నా పెట్టెలో నా డిస్కుల కాపీలు, రచయితలే ఉచితంగా ఇస్తున్న హోమ్‌బ్రూ గేములు మాత్రమే ఉన్నాయి. వీడియోగేమ్ పార్లర్లలో మనమంతా 'ముస్తఫా' అని పిలిచిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' (క్యాప్‌కామ్, 1993) పెట్టలేకపోయానని బాధగానే ఉంది. 2018లో క్యాప్‌కామ్ తన పాత ఫైటింగ్ గేములను కట్టగట్టి అమ్మిన బండిల్‌లో కూడా అది లేదు.

దశ 1: ప్రాసెసర్

పీఎస్2 జాబితాలోకి రాగానే రాస్ప్‌బెర్రీ పై లాంటి ఏఆర్‌ఎం బోర్డులు (ఫోన్ల తరహా చిప్పుతో వచ్చే చిన్న కంప్యూటర్లు) పక్కకు పోయాయి. పీఎస్2 ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ను పీసీలో అనుకరించే ప్రోగ్రాము) అయిన పీసీఎస్‌ఎక్స్2ను ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్లకే రాశారు. మీకు ఎన్‌ఈఎస్ (నింటెండో 8-బిట్ మెషీన్), సెగా మెగాడ్రైవ్, పీఎస్1 చాలనుకుంటే ఇంత దూరం రానక్కర్లేదు, ఏ చిన్న బోర్డైనా లాగేస్తుంది.

పీసీఎస్‌ఎక్స్2 బరువంతా రెండు మూడు థ్రెడ్ల మీదే పడుతుంది. కోర్లు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా ఒక్కో కోరు ఎంత వేగంగా పనిచేస్తుందో చూడాలి. దాంతోపాటు ఏవీఎక్స్2 (ఒకేసారి ఎక్కువ లెక్కలు చేయించే ప్రాసెసర్ ఆదేశాలు) సపోర్ట్ ఉందో లేదో కూడా చూడాలి. సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో చవగ్గా దొరికే పాత పెంటియం, సెలెరాన్ మినీ పీసీల్లో ఆ ఏవీఎక్స్2 ఉండదు. డబ్బా అదే, లోగో అదే, ధర రెండు మూడు వేలు తక్కువ. ఈ పనికి మాత్రం అవి వద్దు.

చివరికి మూడు మిగిలాయి:

1. కొత్త ఎన్100 మినీ పీసీ: నాలుగు కోర్లు, 6 వాట్ల చిప్పు, ఏవీఎక్స్2 ఉంది. కరెంటు చాలా తక్కువ తింటుంది. కానీ ర్యామ్‌కు దారి (ఛానెల్) ఒక్కటే. నాకు దొరికిన ధరకు బడ్జెట్ అక్కడికే అయిపోతుంది.
2. రిఫర్బిష్డ్ ఐ5-8500టీ: ఆరు కోర్లు, 3.5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. చాలా మంచిది. నేను అడిగినచోట 7500టీ కన్నా నాలుగు వేలకు పైగా ఎక్కువ చెప్పారు.
3. రిఫర్బిష్డ్ ఐ5-7500టీ: నాలుగు కోర్లు, 3.3 గిగాహెర్ట్జ్ దాకా, 35 వాట్లు, రెండు ర్యామ్ స్లాట్లు.

మూడోది తీసుకున్నాను. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కొన్ని మినహా ఏడో తరం ఇంటెల్ చిప్పుల్ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అందుకే ఆఫీసులు ఈ పెట్టెల్ని వదిలించుకుంటున్నాయి. మనం పెట్టేది లైనక్స్ మీద నడిచే బటోసెరా అనే పాత గేముల సిస్టమ్ కాబట్టి ఆ గొడవ మనకు అంటదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనూ ఆన్‌లైన్‌లోనూ డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, మూడు రకాలూ దొరుకుతాయి. మూడింట్లో ఏదైనా ఫర్వాలేదు. లోపల ఎం.2 స్లాటు (చిన్న ఎస్‌ఎస్‌డీ తగిలించే చోటు), రెండు ర్యామ్ స్లాట్లు, వెనక హెచ్‌డీఎంఐ ఉన్నాయో లేదో మూత తీయించి చూసుకోండి. హెచ్‌డీఎంఐ లేని మోడళ్లు కూడా ఉన్నాయి.

ఒక్క 8 జీబీ ర్యామ్ స్టిక్కు, 256 జీబీ ఎం.2 ఎస్‌ఎస్‌డీతో తీసుకున్నాను. డబ్బులిచ్చే ముందే ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్ చూశాను: 21,400 గంటలు నడిచింది, అరుగుదల 11 శాతం. చాలు.

ఇప్పటిదాకా: రూ. 9,800

దశ 2: 800 మెగాహెర్ట్జ్ దగ్గర ఇరుక్కున్న పెట్టె

బటోసెరా ఇన్‌స్టాల్ అయ్యింది, మెనూ చకచకా కదిలింది, 8-బిట్ గేములు బాగానే నడిచాయి. పీఎస్1లో సౌండ్ కొద్దిగా బొంగురుపోయింది. పీఎస్2 గేమ్ పెట్టగానే సెకనుకు 50 ఫ్రేములు (బొమ్మలు) రావాల్సిన చోట 14 వచ్చాయి.

ఇలాంటప్పుడు ఎమ్యులేటర్ సెట్టింగుల్లో తిరిగితే రోజంతా పోతుంది. ముందు ప్రాసెసర్ వేగం చూడాలి. బటోసెరాలో హడ్ (గేమ్ మీద కనిపించే రీడింగుల పట్టీ) ఆన్ చేస్తే తెర మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు), ఉష్ణోగ్రత, గడియారం వేగం కనిపిస్తాయి. నా పెట్టెలో ఏ గేమ్ పెట్టినా, ఏం చేసినా ఆ వేగం 800 మెగాహెర్ట్జ్ దాటలేదు. ఉష్ణోగ్రత 41 డిగ్రీలే. వేడెక్కి తగ్గితే వేరు. ఇది చల్లగా ఉండి కూడా లేవడం లేదు.

కారణం అడాప్టర్. కొన్ని కంపెనీల మినీ పీసీలు అడాప్టర్ ప్లగ్గు మధ్యలో ఉండే సన్నని పిన్ను ద్వారా 'ఇది ఎన్ని వాట్లది' అని అడుగుతాయి. జవాబు రాకపోతే భద్రత కోసం ప్రాసెసర్‌ను కనిష్ఠ వేగంలో కట్టేస్తాయి. పెట్టెతో పాటు వచ్చింది డూప్లికేట్ అడాప్టర్. ప్లగ్గు సరిగ్గానే పడుతుంది, 19.5 వోల్ట్లు వస్తాయి, మధ్య పిన్నుకు లోపల కనెక్షనే లేదు. కొట్టు అబ్బాయికి చూపిస్తే "ఆన్ అవుతోంది కదన్నా, ఇంకేం కావాలి?" అన్నాడు. ఆఫీసులో ఎక్సెల్ నడిపేవాళ్లకు ఇది ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు. ఎమ్యులేషన్‌లో మొదటి నిమిషంలోనే బయటపడుతుంది.

పట్టుకునే పద్ధతి:

1. కొనేచోటే బయాస్‌లోకి (పెట్టె ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి అడాప్టర్ రకం, వాట్లు చూపిస్తోందా చూడండి. 'తెలియదు' అని ఉంటే ఆ అడాప్టర్ వద్దు.
2. ఏదైనా బరువైన పని పెట్టి గడియారం వేగం 3 గిగాహెర్ట్జ్ చేరుతోందా చూడండి.
3. ఒరిజినల్ 65 వాట్ల అడాప్టర్ పాతదైనా ఫర్వాలేదు, అదే అడగండి.

వాడిన ఒరిజినల్ అడాప్టర్ రూ. 850కి దొరికింది. పెట్టగానే 14 ఫ్రేములు 50 అయ్యాయి.

ఇప్పటిదాకా: రూ. 10,650

దశ 3: వేడి

పూర్తి వేగం వచ్చాక అసలు వేడి మొదలైంది. గది ఉష్ణోగ్రత 33 డిగ్రీలున్న రోజున పీఎస్2 గేమ్ పావుగంట నడిపితే ప్రాసెసర్ 94 డిగ్రీలకు వెళ్లింది. వేగం 3.1 నుంచి 2.4 గిగాహెర్ట్జ్‌కు జారింది. సౌండ్ తెగడం మొదలైంది. ఫ్యాన్ హోరు వంటింట్లోకి వినబడింది.

ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ విప్పాను. రెక్కల మధ్య దుమ్ము బూడిదరంగు పొరలా అట్టకట్టింది, పట్టుకారుతో లాగితే ముక్కలుగా వచ్చింది. కింద థర్మల్ పేస్టు ఎండి, గోరుతో గీకితే పొడిగా రాలింది. చిప్పు మీద సగం మేర అసలు అంటుకునే లేదు.

1. ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి.
2. హీట్‌సింక్ స్క్రూలు ఎదురెదురు మూలల వరసలో కొద్దికొద్దిగా విప్పాలి.
3. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి.
4. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని రెక్కల్లోకి గాలి కొట్టాలి.
5. మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాలి.

అదే గేమ్, అదే పావుగంట, అదే గది: 72 డిగ్రీలు. వేగం 3.1 దగ్గర నిలబడింది. తర్వాత టీవీ కింది అరలో తలుపు మూసి పెట్టి చూస్తే మళ్లీ 85. అందుకే తలుపున్న అరలోంచి తీసి, టీవీ పక్కన నిలువుగా పెట్టాను. అక్కడ 69 వచ్చింది.

మూత తీసి ఉండగానే సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చాను. పాతది అయిపోవడంతో ప్లగ్గు తీసినప్పుడల్లా గడియారం వెనక్కి పోయి, సేవ్ ఫైళ్ల తేదీలు కలగాపులగం అయ్యేవి. పేస్టు, ఆల్కహాల్ రూ. 420, బ్యాటరీ రూ. 40.

ఇప్పటిదాకా: రూ. 11,110

దశ 4: రెండో ర్యామ్ స్టిక్కు

ఈ చిప్పుల్లో గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. డీడీఆర్4-2400 స్టిక్కు ఒక్కటి ఇవ్వగలిగేది సెకనుకు 19.2 జీబీ, రెండుంటే 38.4. కాగితం మీద రెట్టింపు. గేములో ఎంతో చూడాలని ఒకే సీన్ దగ్గర నిలబడి కొలిచాను (పూర్తి వేగం అంటే 50):

ఒక్క స్టిక్కు, అసలు రిజల్యూషన్: 50
ఒక్క స్టిక్కు, రెండింతలు: 47
ఒక్క స్టిక్కు, మూడింతలు: 34
రెండు స్టిక్కులు, రెండింతలు: 50
రెండు స్టిక్కులు, మూడింతలు: 48

అంటే 16 జీబీ అవసరమై కాదు రెండోది వేసింది, రెండో ఛానెల్ కోసం. 4 జీబీ స్టిక్కులు రెండున్నా ఈ పనికి ఒక్క 8 జీబీ కన్నా మేలు. పీఎస్1, అంతకన్నా పాతవే ఆడేవాళ్లు ఈ ఖర్చు పెట్టనక్కర్లేదు, తేడా సున్నా. నేను రెండింతల దగ్గర ఆగిపోయాను.

వాడిన 8 జీబీ స్టిక్కు: రూ. 1,300. ఇప్పటిదాకా: రూ. 12,410

దశ 5: స్టోరేజీ

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదట ఆన్‌లైన్‌లో రూ. 899కి '2 టీబీ' పెన్‌డ్రైవ్ ఒకటి తెప్పించాను, పరీక్షించి చూపించడానికి. తగిలించగానే కంప్యూటర్ కూడా దాన్ని 2 టీబీ అనే చూపించింది. ఎఫ్3 అనే ఉచిత టూల్ ఉంది (విండోస్‌లో అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ). అది డ్రైవ్ నిండా తెలిసిన డేటా రాసి, మళ్లీ చదివి పోల్చుతుంది. రాయడం సెకనుకు 9 ఎంబీ చొప్పున సాగింది. 2 టీబీ నిండేదాకా రాయాలంటే రెండు రోజులకు పైనే పడుతుంది కాబట్టి 100 జీబీ దగ్గర ఆపి చదివించాను. సరిగ్గా తిరిగొచ్చింది సుమారు 29 జీబీ.

ఇలాంటి డ్రైవుల్లో కంట్రోలర్ అబద్ధం చెబుతుంది. లోపలున్న చిప్పు 32 జీబీదే. అది నిండాక కొత్త డేటా పాతదాని మీదే పడుతుంది, లేదా ఎక్కడా పడదు. ఫైలు పేర్లన్నీ కనిపిస్తూనే ఉంటాయి. ఏడాది తర్వాత గేమ్ తెరిస్తే గానీ లోపల ఏమీ లేదని తెలియదు. ఎఫ్3 రిపోర్ట్ ఫొటో పంపితే డబ్బు వెనక్కి వచ్చింది, కాబట్టి లెక్కలో కలపలేదు. 'పదివేల గేములు ఉన్న డిస్కు' అని అమ్మేవి కూడా వద్దు. కాపీల సంగతి ఒకటి, అవి ఏ డిస్కు మీద ఉన్నాయో తెలియకపోవడం ఇంకొకటి.

తర్వాత అసలు ఎంత చోటు కావాలో లెక్క వేశాను.

8-బిట్ గేములు కిలోబైట్లలోనే ఉంటాయి, 'సూపర్ మారియో బ్రదర్స్' 40 కేబీ. సూపర్ నింటెండోలో అతిపెద్దవి 6 ఎంబీ. నింటెండో 64లో 64 ఎంబీ. బరువు మొదలయ్యేది డిస్కులతో: పీఎస్1 సీడీ 700 ఎంబీ దాకా, పీఎస్2 డీవీడీ ఒక పొరదైతే 4.7 జీబీ. నా డిస్కులన్నీ కలిపి 131 జీబీ వచ్చాయి. వాటిని సీహెచ్‌డీ ఫార్మాట్‌లోకి మారిస్తే 88 జీబీ అయ్యాయి. ఏమీ పోని కంప్రెషన్ అది, మళ్లీ అసలు రూపానికి తిప్పుకోవచ్చు. పెట్టెతో వచ్చిన 256 జీబీలోనే సుఖంగా పట్టాయి. టెరాబైట్లు కొనే పని రాలేదు.

వేగం సంగతి. పీఎస్1 డ్రైవ్ సెకనుకు 300 కేబీ చదివేది. పీఎస్2 డీవీడీ సుమారు 5.5 ఎంబీ. ఎమ్యులేటర్ ఆ పాత డ్రైవ్ వేగాన్నే అనుకరిస్తుంది కాబట్టి కింద ఎంత ఖరీదైన డిస్కున్నా గేమ్ తొందరపడదు. ఒకే లెవెల్ లోడింగ్‌ను కొలిచాను:

యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్: 14.2 సెకన్లు
సాటా ఎస్‌ఎస్‌డీ: 13.9 సెకన్లు
ఎన్‌వీఎంఈ (ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ): 13.9 సెకన్లు

పీసీఎస్‌ఎక్స్2లో డిస్క్ వేగం పెంచే ఆప్షన్ ఉంది గానీ కొన్ని గేములు దాంతో ఆగిపోతాయి. వేగమైన ఎస్‌ఎస్‌డీ లాభం బూటింగ్‌లో, బొమ్మలతో నిండిన గేముల జాబితా తెరవడంలో కనిపిస్తుంది. అందుకు మామూలుది చాలు.

ఫైల్ సిస్టమ్ మాత్రం నిజంగా తేడా తెచ్చింది. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పీఎస్2 ఐసోలు (డిస్కు కాపీ ఫైళ్లు) చాలా అక్కడే ఆగిపోయాయి. ఎక్స్‌ఫ్యాట్‌లో పడతాయి. కానీ పెద్ద డ్రైవ్‌ను విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేస్తే దాని క్లస్టర్ (ఒక ఫైలుకిచ్చే కనీస చోటు) 128 కేబీ. 40 కేబీ గేమ్ కూడా 128 కేబీ ఆక్రమిస్తుంది. నా 3,100 చిన్న ఫైళ్ల అసలు బరువు 140 ఎంబీ, ఎక్స్‌ఫ్యాట్ మీద 412 ఎంబీ, లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 మీద 147 ఎంబీ. అది పెద్ద నష్టమేమీ కాదు. పెద్ద నష్టం కరెంటు పోయినప్పుడు జరిగింది: గేమ్ సేవ్ అవుతుండగా కరెంటు పోయింది, ఎక్స్‌ఫ్యాట్ మీదున్న 8 ఎంబీ పీఎస్2 మెమరీ కార్డ్ ఫైలు మొత్తం చదవకుండా పోయింది. ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ (చేయబోయే మార్పును ముందే రాసుకునే చిట్టా) లేదు. ఈఎక్స్‌టీ4కు ఉంది. అన్నీ బటోసెరా సొంత ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లోకి మార్చాక, సేవ్ మధ్యలో కావాలనే ప్లగ్గు లాగి చూశాను. ఆ సేవ్ పోయింది, మిగతా కార్డు బాగుంది.

బటోసెరాలో పాత కార్ట్రిడ్జ్ గేములు నడిపే రెట్రోఆర్క్‌లో ఇంకో సెట్టింగ్ తప్పనిసరి. బ్యాటరీ ఉన్న కార్ట్రిడ్జ్ గేముల సేవ్‌ను అది మామూలుగా గేమ్ మూసేటప్పుడే డిస్కు మీద రాస్తుంది. మూయకముందే కరెంటు పోతే అంతా పోయినట్టే. సేవింగ్ మెనూలో 'సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్' 10 సెకన్లకు పెట్టండి.

బ్యాకప్‌కు చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 500 జీబీ హార్డ్‌డిస్క్ వాడాను. స్మార్ట్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టిన భాగాలు) సున్నా ఉన్నాయని చూశాకే. దానికి యూఎస్‌బీ కేస్ రూ. 380. వారానికోసారి సేవ్‌లు, గేములు కొత్తగా చేర్చినప్పుడు మొత్తం. డిస్కుల కాపీల చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని సరిచూసే సంఖ్యలు) ఒక ఫైలులో రాసి రెండుచోట్లా పెట్టాను.

ఇప్పటిదాకా: రూ. 12,790

దశ 6: 50 హెర్ట్జ్

అన్నీ పూర్తి వేగంతో నడుస్తున్నాయని హడ్ చెబుతున్నా, కెమెరా పక్కకు జరిగినప్పుడు బొమ్మ చిన్నగా ఎగిరినట్టు ఉండేది. ప్రాసెసర్ 60 శాతం కూడా వాడడం లేదు.

మన దేశంలో పాత అనలాగ్ టీవీ ప్రసారం పాల్ పద్ధతిలో ఉండేది, సెకనుకు 50 ఫీల్డులు (తెర మీద గీసే బొమ్మలు). ఇక్కడ అమ్మిన నా పీఎస్1, పీఎస్2 డిస్కుల్లో ఎక్కువ పాల్‌వే, 50కి చేసినవి. మినీ పీసీ మాత్రం టీవీకి 60 హెర్ట్జ్ పంపుతోంది. 50ని 60లో సర్దాలంటే ప్రతి అయిదు ఫ్రేములకూ ఒకటి రెండుసార్లు చూపించాలి. కంటికి తగిలేది అదే కుదుపు. బటోసెరాలో ఆ సిస్టమ్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వీడియో మోడ్‌ను 1920x1080, 50 హెర్ట్జ్ చేయగానే పోయింది. పైసా ఖర్చు లేదు. నా టీవీ 50 తీసుకుంది, కంప్యూటర్ మానిటర్ తీసుకోలేదు. తెర కొనేవాళ్లు ఇది చూసుకోండి.

8-బిట్ గేముల్లో ఇది ఇంకా లోతుగా ఉంది. సంక్రాంతికి వచ్చిన మా అక్క కాంట్రా తరహా హోమ్‌బ్రూ గేమ్ రెండు నిమిషాలు ఆడి, "ఒరేయ్, మనం ఆడినవి ఇంత స్పీడు లేవురా, దీన్నేదో చేశావ్" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అమెరికా, జపాన్ మెషీన్లు సెకనుకు 60 ఫ్రేములు నడిపేవి. మన దగ్గర పాల్ టీవీలకు వచ్చిన క్లోన్లు (నకలు మెషీన్లు) అవే కార్ట్రిడ్జుల్ని 50 మీద నడిపేవి. ఆరోవంతు నిదానం. అసలు పాల్ ఎన్‌ఈఎస్‌లో ప్రాసెసర్ 1.66 మెగాహెర్ట్జ్‌కు తగ్గింది. ఈ క్లోన్లలో మాత్రం 1.77 దగ్గరే ఉండటంతో పాట లయ నెమ్మదించినా శ్రుతి దాదాపు మారలేదు. ఎమ్యులేటర్లలో ఈ రకానికి 'డెండీ' అని పేరు, రష్యాలో బాగా అమ్ముడైన ఒక క్లోన్ పేరు మీద.

1. రెట్రోఆర్క్‌లో మెసెన్ కోర్ (8-బిట్ గేముల ఎమ్యులేటర్) ఎంచుకోండి.
2. కోర్ ఆప్షన్స్‌లో రీజియన్ 'డెండీ' పెట్టండి.
3. ఆ సిస్టమ్‌కు వీడియో మోడ్ 50 హెర్ట్జ్ చేయండి.
4. ఉచితంగా దొరికే '240పీ టెస్ట్ సూట్'లో స్క్రోల్ టెస్ట్ నడపండి. గీతలు ఎగరకుండా జారితే సరిగ్గా కుదిరినట్టే.

అలా మార్చి ఇస్తే అక్క మొదటి లెవెల్ ఒక్క లైఫ్ పోకుండా దాటింది. నా మటుకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన సెట్టింగ్ ఇదే. మన చేతులకు అలవాటైన వేగం మనకు తిరిగొస్తుంది.

టీవీలో గేమ్ మోడ్ కూడా పెట్టండి. లేకపోతే బటన్ నొక్కినదానికీ గెంతడానికీ మధ్య ఆలస్యం స్పష్టంగా తెలుస్తుంది.

దశ 7: కంట్రోలర్లు, కరెంటు

వైర్ ఉన్న యూఎస్‌బీ ప్యాడ్లు రెండు, ఒక్కోటి రూ. 650. కొనేముందు డీ-ప్యాడ్ మీద కుడివైపు నొక్కి బొటనవేలు కొద్దిగా ఊపి చూడండి. పై బాణం దానంతటదే పడితే కాంట్రా ఆడలేరు.

గోడ ప్లగ్గు మీటర్ రీడింగులు: మెనూలో ఊరికే ఉంటే 9 వాట్లు, 8-బిట్ గేమ్ 14, పీఎస్2 34. ఆపేశాక 1.

చివరి మొత్తం: రూ. 14,090

ఇంకా మిగిలిన పని కార్ట్రిడ్జులు. మన దగ్గర దొరికినవి 60 పిన్నుల జపాన్ తరహావి. అమెరికా 72 పిన్నుల డంపర్‌లో (కార్ట్రిడ్జ్‌లోని గేమ్‌ను ఫైలుగా కాపీ తీసే పరికరం) పట్టవు, అడాప్టర్ కావాలి. '168 ఇన్ 1' రకాల్లో గేములు మార్చే సర్క్యూట్ ఒక్కో దాంట్లో ఒక్కోలా ఉంటుంది, అది గుర్తిస్తే గానీ డంపు పూర్తిగా రాదు. ప్రస్తుతం వాటి పిన్నులు ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కో బోర్డు రెండువైపులా ఫొటో తీసి పెడుతున్నాను. డంపర్ వచ్చాక దాని ఖర్చు ఈ లెక్క కిందే కలుపుతాను.